1020 కింద వరుసలో 929

గ్రూప్-2కి చదవడం మొదలుపెట్టిన కొత్తలో పేపర్లో అంకె కనిపిస్తే చాలు, నోట్స్‌లోకి ఎక్కించేదాన్ని. 2021 నవంబర్‌లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 వివరాలు వచ్చాయి. "వెయ్యి మంది పురుషులకు 1020 మంది స్త్రీలు" అన్న హెడ్డింగ్ చూసి ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. తర్వాత ఒక మాక్ టెస్ట్ వ్యాసంలో, ఆడపిల్లలపై వివక్ష తగ్గిందనడానికి దాన్నే ఆధారంగా చూపించాను. పేపర్ దిద్దిన సీనియర్ అక్క ఆ వాక్యం కింద గీత గీసి, "పుట్టినప్పటి నిష్పత్తి ఎంత?" అని మాత్రం రాసింది.

ఆ రాత్రే ఆ సర్వే ఫ్యాక్ట్‌షీట్ (ముఖ్యమైన అంకెల పట్టిక) తెరిచాను. 1020 మూడో వరుసలో ఉంది. సరిగ్గా దాని కింద, గత ఐదేళ్లలో పుట్టిన పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 929 మందే. మన తెలంగాణలో అయితే పైన 1049, కింద 894. చాలా బాధేసింది. పుట్టకుండా ఆగిపోయిన ఆడపిల్లల సంగతి చెప్పేది ఆ కింది వరుసే, నేను దాన్నే వదిలేశాను.

మరి పైన 1020 ఎలా వచ్చింది? సర్వే వాళ్లు ఇంటికి వచ్చి, ముందు రోజు రాత్రి ఆ ఇంట్లో ఉన్నవాళ్లను లెక్కిస్తారు. హాస్టళ్లు, బ్యారక్‌లు, లేబర్ క్యాంపుల్లో ఉండే మగవాళ్లు ఈ లెక్కలోకి రారు. పైగా ఆడవాళ్ల ఆయుర్దాయం ఎక్కువ. దాదాపు 6.37 లక్షల ఇళ్లు తిరిగిన సర్వే కదా అనుకోవచ్చు. కానీ ఒక వర్గం లెక్కలోకే రానప్పుడు ఇళ్ల సంఖ్య ఎంత పెంచినా ఆ లోటు తీరదు. అందరినీ లెక్కపెట్టిన 2011 జనగణనలో వచ్చింది 943.

నిరుద్యోగం విషయంలోనూ జాగ్రత్త. 2023-24 కార్మిక సర్వేలో 15 ఏళ్లు పైబడినవారి రేటు ఏడాది మొత్తాన్ని చూస్తే 3.2 శాతం, గడిచిన వారాన్నే చూస్తే 4.9 శాతం. ఒకే సర్వే, ఒకే జనం. 2025 నుంచి నెలనెలా వస్తున్న ప్రధాన అంకె వారం లెక్కది. దాన్ని పాత 3.2 పక్కన పెట్టి "పెరిగింది" అని రాస్తే మార్కులు పోతాయి.

కుటుంబ ఆరోగ్య సర్వేలో మీ జిల్లా ఫ్యాక్ట్‌షీట్ కూడా ఒకసారి తీసి చూడండి. కొన్ని అంకెలు బ్రాకెట్లలో ఉంటాయి. అవి 25 నుంచి 49 మంది వివరాల మీద వేసిన లెక్కలు. అలాంటివి వ్యాసంలో రాయకండి.