జేన్ మానింగ్ జేమ్స్ ఊళ్ళో

అమెరికాలో యూటా రాష్ట్రపు సాల్ట్ లేక్ సిటీలో దాదాపు ఏ చిరునామా అయినా టెంపుల్ స్క్వేర్, అంటే గుడి ఉన్న ఆవరణ, నుంచి కొలిచిన దూరమే. ఇన్ని వీధులు తూర్పుకి, ఇన్ని వీధులు దక్షిణానికి అని అంకెల్లో ఉంటుంది. పాత ఊళ్ళో వీధుల వెడల్పు 132 అడుగులు. 1847 జూలైలో బ్రిగమ్ యంగ్ నడిపించగా వచ్చిన మోర్మన్లు, అంటే అమెరికాలోనే పుట్టిన ఒక క్రైస్తవ శాఖ వాళ్ళు, ఈ ఎండు లోయలో ముందు గుడికి చోటు చూసుకుని, ఆ తర్వాత దాని చుట్టూ ఊరు గీసుకున్నారు. ఆ గుడిలో జరిగే ముఖ్యమైన విధులేవీ 1978 దాకా నల్లజాతి వాళ్ళకి దక్కలేదు. ఆ కథ జరిగిన చోట్లన్నీ చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. హైదరాబాద్‌లో మా వీధిలోనే ఈ చర్చికి వెళ్ళే కుటుంబం ఒకటుంది. మన దేశంలో ఈ చర్చి మొదటి 'స్టేక్', అంటే కొన్ని సంఘాల్ని కలిపిన విభాగం, 2012లో ఏర్పడింది కూడా హైదరాబాద్‌లోనే. అంటే ఈ కథ మనకి మరీ పరాయిదేమీ కాదు.

మా మేనల్లుడు సాల్ట్ లేక్‌కి దక్షిణాన లీహై అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఊరి పేరు మోర్మన్లు పవిత్రంగా చూసే 'మోర్మన్ గ్రంథం'లోంచి తీసుకున్నదే. అందులో లీహై ఒక ప్రవక్త, యెరూషలేము విడిచి కుటుంబంతో సముద్రం దాటి అమెరికా చేరినవాడు. అతని కొడుకుల్లో లామన్ వైపు వాళ్ళు దేవుడి మాట వినలేదనీ, అందుకు వాళ్ళకి నల్లని చర్మం వచ్చిందనీ ఆ గ్రంథంలో ఉంది. అమెరికా ఆదివాసులు ఆ సంతతి వాళ్ళేనని తరాల పాటు బోధించారు. అదే గ్రంథంలో మరోచోట, దేవుడి దగ్గర నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ, దాసులూ స్వతంత్రులూ, ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరూ సమానమేనన్న వాక్యమూ ఉంది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఏ వాక్యం పట్టుకుని నడవాలో తేల్చుకున్నది మాత్రం మనుషులే.

ముందుగా ఊరి తూర్పు అంచున ఎమిగ్రేషన్ కాన్యన్ దగ్గరున్న 'దిస్ ఈజ్ ద ప్లేస్' పార్కుకి వెళ్ళాం. బ్రిగమ్ యంగ్ లోయని చూసి "ఇదే ఆ చోటు" అన్నాడని చెప్పుకునే స్థలం అది. 1847లో వచ్చిన మొదటి జట్టులో ముగ్గురు నల్లజాతి బానిసలు ఉన్నారు: గ్రీన్ ఫ్లేక్, హార్క్ లే, ఆస్కర్ క్రాస్బీ. యజమానులు రాకముందే దారి చదును చేయడానికీ, చేలు దున్ని సిద్ధం చేయడానికీ వాళ్ళని ముందు పంపారు. ఊళ్ళో ఉన్న పాత స్మారకం మీద ఈ ముగ్గురి పేర్లూ 'నల్ల సేవకులు' అన్న శీర్షిక కింద విడిగా చెక్కి ఉన్నాయి. ఈ పార్కులో 2022 జూలైలో పెట్టిన విగ్రహాల్లో మాత్రం వాళ్ళు తలెత్తుకుని నిలబడ్డారు. పక్కనే జేన్ మానింగ్ జేమ్స్. నేను ఈ ఊరికి వచ్చింది ప్రధానంగా ఈమె కోసం.

జేన్ కనెటికట్ రాష్ట్రంలో బానిసగా కాక స్వతంత్రురాలిగానే పుట్టింది. మోర్మన్ల బోధ విని బాప్తిస్మం తీసుకుంది. 1843లో తల్లినీ తోబుట్టువుల్నీ వెంటబెట్టుకుని, ఈ మతం స్థాపించిన జోసెఫ్ స్మిత్ ఉన్న నావూ పట్టణానికి బయల్దేరింది. బఫెలో దగ్గర పడవ ఎక్కనివ్వలేదు. అక్కడినుంచి దాదాపు 800 మైళ్ళు నడిచారు. చెప్పులు అరిగిపోయి, పాదాలు పగిలి, అడుగు పడిన చోటల్లా నేల మీద నెత్తురు ముద్ర కనిపించేదని ఆమె ముసలితనంలో చెప్పి రాయించుకుంది. నావూలో జోసెఫ్ స్మిత్ ఆమెని తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆయన హత్య తర్వాత అందరితోపాటు ఆమె కూడా ఈ లోయకి నడిచి వచ్చింది, 1847లోనే.

మరునాడు టెంపుల్ స్క్వేర్. భూకంపాలకి తట్టుకునేలా పునాదులు బలపరచడానికి గుడిని 2019 చివర్లో మూసేశారు. పని ఇంకా నడుస్తోంది, ఆవరణలో క్రేన్లు ఉన్నాయి. పక్కనున్న ట్యాబర్నకల్ లోపలికి మాత్రం ఎవరైనా వెళ్ళొచ్చు. 1867 నాటి హాలు, తాబేలు చిప్పలాంటి పైకప్పు. వేదిక మీద గుండుసూది పడేస్తే చివరి బెంచీలో కూర్చున్నవాళ్ళకి వినిపిస్తుందని గైడ్లు చేసి చూపిస్తారు. మాకూ వినిపించింది.

జేన్ ముసలిదయ్యాక ఈ హాల్లో ముందువైపు ఆమెకంటూ ఒక సీటు కేటాయించారు. ఎందరో గౌరవంగా పలకరించేవారు. ఇక్కడి తలుపు దగ్గర నిలబడితే గుడి గోడ దగ్గరలోనే ఉంటుంది. ఆ గుడిని నలభై ఏళ్ళు కట్టి 1893లో ప్రతిష్ఠించారు. అది పూర్తి కాకముందు నుంచే, తన కుటుంబాన్ని శాశ్వతంగా కలిపే గుడి విధి తనకీ జరిపించమని ఆమె చర్చి అధ్యక్షుల్ని ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూనే ఉంది. చచ్చిపోయిన తన బంధువుల తరఫున బాప్తిస్మం తీసుకోనిచ్చారు గానీ, అంతకు మించి ఒప్పుకోలేదు. 1884 డిసెంబర్ 27న అప్పటి అధ్యక్షుడు జాన్ టేలర్‌కి ఆమె తరఫున ఒక ఉత్తరం వెళ్ళింది. నా జాతీ నా రంగూ నాకు తెలుసు, తెల్లవాళ్ళకి దొరికేవి నాకు దొరుకుతాయని ఆశించలేను, కానీ అబ్రాహాము వల్ల భూమ్మీది వంశాలన్నీ దీవెన పొందుతాయని దేవుడు మాటిచ్చాడు కదా, మరి నాకే దీవెనా లేదా అని అందులో అడిగింది. 1894లో వాళ్ళు ఒక కొత్త విధి కల్పించారు. జేన్‌ని జోసెఫ్ స్మిత్ కుటుంబానికి శాశ్వతంగా సేవకురాలిగా కలిపారు. ఆ విధికి కూడా ఆమెని లోపలికి రానివ్వలేదు. ఆమె బదులు ఒక తెల్ల స్త్రీ నిలబడింది. ఆ తర్వాత కూడా జేన్ అడగడం మానలేదు. 1908లో చనిపోయింది.

ఈ మతంలో ఊరి సంఘాల్లో జీతం తీసుకునే పూజారులు ఉండరు. పన్నెండేళ్ళు నిండే ఏడాది నుంచీ మగపిల్లలకి 'యాజకత్వం', అంటే మత విధులు జరిపే అధికారం, ఇస్తారు. ఆదివారం ప్రార్థనలో రొట్టె, నీళ్ళు ఉన్న పళ్ళెం పట్టుకుని బెంచీల మధ్య తిరిగేది ఈ పిల్లలే. నల్లజాతి వాళ్ళకి యాజకత్వం ఇవ్వకూడదన్న నిషేధం ఉన్న రోజుల్లో నల్లపిల్లాడు తన ఈడు పిల్లలందరూ పళ్ళెం పట్టుకు తిరుగుతుంటే బెంచీలో కూర్చుని చూడాలి. పెద్దయ్యాక పెళ్ళి గుడిలో చేసుకోలేడు. గుడిలో ముడిపడిన కుటుంబమే చావు తర్వాత కూడా కలిసి ఉంటుందని నమ్మే మతంలో ఆ లోటు ఎంత లోతుకి దిగుతుందో ఊహించండి.

ఎందుకిలా అని అడిగితే చెప్పిన కారణాల్లో ఒకటి నన్ను ఆపేసింది. బైబిల్లోని కయీను శాపం, హాము శాపం నల్లవాళ్ళకి వారసత్వంగా వచ్చాయన్నవి అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించిన క్రైస్తవులు చాలామంది చెప్పిన మాటలే. మోర్మన్లు దానికి మరొకటి చేర్చారు. మనుషులు పుట్టకముందు ఆత్మలుగా దేవుడి దగ్గర ఉండేవారనీ, అక్కడ జరిగిన యుద్ధంలో అంత గట్టిగా నిలబడనివాళ్ళు ఇలా పుట్టారనీ. 1949లో చర్చి అధ్యక్షవర్గం పేరు మీదే వచ్చిన ప్రకటన ఈ నిషేధం దేవుడు నేరుగా ఇచ్చిన ఆజ్ఞ అంది. పుట్టకముందరి నడవడికే ఇక్కడి పుట్టుకని కొంతవరకు నిర్ణయిస్తుందనీ అంది. పూర్వజన్మ కర్మ పేరు చెప్పి ఊరి చివర వాడల్లో మనుషుల్ని తరతరాలుగా ఉంచిన దేశం నుంచి వచ్చినవాణ్ణి నేను. ఎన్నో సముద్రాల అవతల, మన పురాణాలతో ఏ సంబంధమూ లేని మనుషులు, మనిషిని తొక్కడానికి అచ్చం ఆ సాకే వెతుక్కున్నారు. నిరూపించనక్కర్లేని తప్పు ఒకటి ఎదుటివాడి మీద వెయ్యాలంటే, ఎవరికీ గుర్తులేని కాలంలోకే పోవాలి మరి.

సాల్ట్ లేక్ శ్మశానం ఊరికి ఎగువన కొండవాలులో ఉంది. జేన్ సమాధి దగ్గర 1999లో పెట్టిన స్మారకం ఉంది. కంచు ఫలకం మీద ఆమె మరో స్త్రీకి పిండి ఇస్తున్న బొమ్మ. 1849లో ఎలైజా లైమన్ అనే తెల్లావిడ భర్త మత ప్రచారానికి వెళ్ళిపోయాడు. ఇంట్లో తిండిగింజలు లేవు. జేన్ తనకి రెండు పౌండ్ల పిండి ఇచ్చిందనీ, ఆమె దగ్గర ఉన్నదాంట్లో అది దాదాపు సగమనీ ఎలైజా డైరీలో రాసుకుంది.

అదే శ్మశానంలో ఎలైజా ఏబుల్ ఉన్నాడు. పేరు విని ఆడమనిషి అనుకునేరు, ఈయన వడ్రంగి. నల్లజాతి వాడు. 1836లో, జోసెఫ్ స్మిత్ బతికుండగానే, ఈయనకి యాజకత్వం ఇచ్చారు. అంటే నిషేధం మొదటినుంచీ లేదు. 1852 ఫిబ్రవరిలో బ్రిగమ్ యంగ్ యూటా శాసనసభలో దాన్ని బహిరంగంగా ప్రకటించాడు. బానిసత్వాన్ని చట్టబద్ధం చేసిన సమావేశాలు కూడా అవే. ఏబుల్ ఆ తర్వాత కూడా చర్చి కోసం పని చేస్తూనే ఉన్నాడు, చివరి ప్రచార యాత్ర నుంచి తిరిగొచ్చి 1884లో చనిపోయాడు. ఈయన సమాధే నిషేధానికి ఎదురు సాక్ష్యం. 1973లో లెస్టర్ బుష్ అనే మోర్మన్ డాక్టర్ పాత కాగితాలన్నీ వెతికి, దీనికి జోసెఫ్ స్మిత్ దగ్గర ఆధారం లేదని వివరంగా రాశాడు. ముందు ఆచారం వచ్చింది, కారణాలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా పుట్టుకొచ్చాయి.

మా మేనల్లుడి పక్కింటాయనకి డెబ్భై దాటాయి. తెల్లజాతి మోర్మన్, రిటైరై తోటపని చేసుకుంటాడు. "మామయ్యా, నువ్వు అడుగుతున్నవన్నీ ఆయన్ని అడుగు, చెప్తాడు" అని మావాడు సాయంత్రం తీసుకెళ్ళాడు. పెద్దాయన 1970ల మొదట్లో, కుర్రతనంలో రెండేళ్ళు బ్రెజిల్‌లో మిషనరీగా తిరిగాడు. ఆయన చెప్పింది నేను మర్చిపోలేను.

బ్రెజిల్‌లో అన్ని జాతుల రక్తమూ కలిసిపోయింది. ఎవరి ముత్తాత ఆఫ్రికా నుంచి వచ్చాడో ముఖం చూసి చెప్పలేం. అందుకని మిషనరీలు పాఠం చెప్పడానికి వెళ్ళిన ఇంట్లో మాటల్లో పెట్టి కుటుంబం ఫోటోలు చూపించమని అడిగేవారు. "వాళ్ళు సంతోషంగా ఆల్బమ్ తెచ్చేవారు. మా మతంలో కాఫీ తాగకూడదని తెలిసి జ్యూస్ ఇచ్చేవారు. నేను నవ్వుతూ పేజీలు తిప్పుతూ వాళ్ళ అమ్మమ్మ ముక్కు చూసేవాణ్ణి, జుట్టు చూసేవాణ్ణి. అనుమానం వస్తే మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు. ఎందుకు రావడం లేదో వాళ్ళకి ఎప్పుడూ తెలియదు" అన్నాడు.

సావో పాలోలో గుడి కడతామని 1975లో ప్రకటించారు. దానికోసం చందాలు ఇచ్చి పని చేసినవాళ్ళలో లోపలికి వెళ్ళే అర్హత లేనివాళ్ళూ ఉన్నారు. హెల్వేసియో మార్టిన్స్ అనే నల్లజాతి సభ్యుడు ఆ గుడి ప్రచార కమిటీలో పని చేశాడు. ఇటు ఆఫ్రికాలోని ఘనాలో జోసెఫ్ విలియం బిల్లీ జాన్సన్ అనే ఆయన 1964 నుంచీ మోర్మన్ గ్రంథం పట్టుకుని సొంతంగా సంఘాలు నడుపుతూ, మిషనరీల్ని పంపమని రాస్తూనే ఉన్నాడు. 1978 జూన్ 1న అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్, మిగతా పెద్దలూ ఇప్పుడు మూసి ఉన్న సాల్ట్ లేక్ గుడిలోనే ప్రార్థన చేసి, నిషేధం ఎత్తేయమని దేవుడి నుంచి జవాబు వచ్చిందన్నారు. జూన్ 9న లోకానికి చెప్పారు. మార్టిన్స్ 1990లో చర్చి ఉన్నత నాయకుల్లో ఒకడయ్యాడు, నల్లజాతి నుంచి మొదటివాడు.

"ఆ రోజు ఊరంతా ఏడ్చింది, ఫోన్ లైన్లు దొరకలేదు. మా ఆవిడ కూడా సంతోషంతో ఏడ్చింది. నాకు మాత్రం ముందు ఆ ఆల్బమ్‌లే గుర్తొచ్చాయి" అన్నాడు పెద్దాయన.

ఆ తర్వాత మార్పు వచ్చిన తీరు గురించి ఆయనకీ నాకూ ఒకే అభిప్రాయం. నిషేధం ఒక్క రోజులో పోయింది, దాని వెనక చెప్పిన కారణాలు మాత్రం పోలేదు. పాత పుస్తకాల్లో ఉన్నాయి, ఆదివారం పాఠాల్లో వినిపిస్తూ ఉన్నాయి. బ్రూస్ మెకాంకీ అనే 'అపొస్తలుడు', అంటే ఈ చర్చి పై నాయకుల్లో ఒకడు, 1978 ఆగస్టులోనే, ఇంతకుముందు నేను చెప్పినవన్నీ మర్చిపోండి, తక్కువ వెలుగులో మాట్లాడాం అన్నాడు. మంచి మాటే, కానీ ఒక మనిషి మాట. చర్చి తన పేరు మీద ఆ శాపాల సిద్ధాంతాల్ని స్పష్టంగా తోసిపుచ్చింది 2013 డిసెంబర్‌లో, 35 ఏళ్ళ తర్వాత. 2020లో అధ్యక్షుడు రసెల్ నెల్సన్ జాతి వివక్షని వదిలించుకోవడంలో సభ్యులు ముందుండాలని పిలుపిచ్చాడు. నిషేధానికి క్షమాపణ మాత్రం చర్చి చెప్పలేదు. దేవుడి పేరు మీద మనుషులు తప్పు చేశారని ఒప్పుకుంటే ప్రవక్తల మాట మీద నమ్మకం పోతుందని భయం. నాకైతే ఒప్పుకోకపోతేనే పోతుందనిపిస్తుంది. జేన్‌కి జవాబు చెప్పినవాళ్ళు తప్పు, అడిగిన జేన్ ఒప్పు. ఆమె కూడా ఆ చర్చి మనిషే కదా! ఆమె విశ్వాసం కూడా ఆ చర్చి విశ్వాసమే. దాన్ని ముందు పెట్టుకుంటే వాళ్ళకి పోయేదేముంది?

2027 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా, మళ్ళీ ప్రతిష్ఠించేలోపు, గుడి లోపలికి ఏ మతం వాళ్ళనైనా రానిస్తారు. 1893 తర్వాత ఇదే మొదటిసారి. పెద్దాయన వాలంటీర్‌గా పేరు ఇవ్వాలనుకుంటున్నాడు. జేన్ ఉత్తరాన్ని లోపల ఒక గోడ మీద పెట్టమని మీ పెద్దల్ని అడగండి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు. "రాస్తాను. ఒప్పుకుంటారని చెప్పలేను. ఒప్పుకోకపోతే మళ్ళీ రాస్తాను" అన్నాడు. ఉత్తరం తేదీ సరిగ్గా కావాలని అడిగితే, ఒక చీటీ మీద 1884 డిసెంబర్ 27 అని రాసిచ్చాను.