కార్జంలో సెలైన్: ఆరో ఆదివారం

ఈ ఆదివారం 21 మిల్లీమీటర్లు వచ్చింది. యాట కార్జంలో (లివర్‌లో) సూది గుచ్చి, సెలైన్ ఎక్కిస్తూ కరెంటుతో కాలిస్తే, సూది చుట్టూ ఉడికి తెల్లబడిన భాగాన్ని వెర్నియర్‌తో అడ్డంగా కొలిచిన లెక్క ఇది. నెలన్నర కింద మొదలుపెట్టినప్పుడు 9 దాటలేదు. ఏమేం మార్చానో మరిచిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

నల్లగొండలో మెడికల్ పరికరాలు రిపేరు చేస్తాను. మా పెదనాన్నకు లివర్‌లో గడ్డ బయటపడినప్పుడు, 3 సెంటీమీటర్ల లోపు ఉంటే సూదితో కాల్చేవాళ్ళమని డాక్టరు అన్నారు. ఆయనది అప్పటికే దాటిపోయింది. గడ్డ చుట్టూ అర సెంటీమీటరు మంచి భాగం కూడా కాలాలి కాబట్టి 3 సెంటీమీటర్ల గడ్డకు 4 సెంటీమీటర్ల వెడల్పున ఉండలాగా కాలాలి. అంత వెడల్పు ఎందుకు రాదన్నది అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

ఆ వైద్యంలో సూది తనంతట తాను వేడెక్కదు. సుమారు 500 కిలోహెర్ట్జ్ కరెంటుకు లివర్‌లోని అయాన్లు (కరెంటును మోసే రేణువులు) అటూ ఇటూ ఊగుతాయి, ఆ రాపిడికి వేడి పుడుతుంది. 60 డిగ్రీలు దాటితే కణాలు దాదాపు వెంటనే చచ్చిపోతాయి. 100 దాటితే మాత్రం నీరు ఆవిరై సూదికి మాడు కడుతుంది. ఆవిరి, మాడు రెండూ కరెంటును ఆపేస్తాయి. మంట ఎక్కువైన పెనం మీద జొన్నరొట్టె లాగే, ఒకచోట మాడి పక్కన పచ్చిగా మిగులుతుంది.

సామాను ఇది: పక్కన పడేసిన పాత కాటరీ మిషన్ (ఆపరేషన్లలో కరెంటుతో కోసేది), 30 వాట్ల మీద, కోతకు వాడే కట్ మోడ్‌లో. రక్తం ఆపడానికి వాడే కోయాగ్ మోడ్‌లో కరెంటు తెగి తెగి వస్తుంది, నిప్పురవ్వ లేస్తుంది. 18 గేజ్ స్పైనల్ సూదికి (వెన్నులో గుచ్చే పొడుగు సూది) చివర 15 మిల్లీమీటర్లు వదిలి మిగతాదంతా కరెంటు తగలకుండా హీట్ ష్రింక్ ట్యూబు తొడిగాను. కార్జం కింద స్టీలు పళ్ళెం, కరెంటు మిషన్‌కు తిరిగి వెళ్ళే పేషెంట్ ప్లేటు వైరు దానికే. యాట కార్జాన్ని కవర్లో కట్టి 37 డిగ్రీల నీళ్ళలో అరగంట ఉంచాకే మొదలుపెడతాను. వేడి కొలిచే థర్మోకపుల్ మీటరు కరెంటు నడుస్తుండగా పిచ్చి అంకెలు చూపిస్తుంది. ఫుట్ స్విచ్ వదిలి, రెండు సెకన్లు ఆగి చదవాలి. సూది మొదలును, సెలైన్ ట్యూబును ముట్టుకోవద్దు. గ్లోవ్‌కు సన్నని చిల్లు ఉండి నాకు ఒకసారి వేలు కాలింది.

సెలైన్ లేకుండా చేసిన రెండు వారాలూ ఒకటే కథ. నిమిషం కూడా గడవకముందే లోపల టప్‌మని చప్పుడు, ఆ వెంటనే కరెంటు పడిపోవడం.

మామూలు 0.9 శాతం సెలైన్ ఈ కరెంటును కార్జం కన్నా దాదాపు పది రెట్లు బాగా మోస్తుంది. సూదిలోంచి అది ఊరుతుంటే లోహం చుట్టూ తడి ఆరదు, కరెంటు పారే జాగా కూడా పెరుగుతుంది. 1997లోనే ఇటలీలో లివ్రాగి బృందం రోగుల లివర్‌లో ఇలా సెలైన్ ఎక్కిస్తూ చేసింది.

మూడో వారం నిమిషానికి 2 మిల్లీలీటర్లు వదిలాను. మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు, చాలా సంతోషపడ్డాను. కోసి చూస్తే గుండె జారింది. సగం సెలైన్ సూది వెంబడే పైకి తన్ని, పైపొరను తెల్లగా ఉడికించింది. మిగతాది ఒక నరంలో (రక్తనాళంలో) దూరి పారింది. దాని వెంట సన్నటి తెల్ల చార, సూదికి 3 సెంటీమీటర్ల దూరం దాకా. మనిషి కడుపులో అయితే ఆ చార పిత్తాశయానికో పేగుకో తగలొచ్చు. సెలైన్ ఎటు పోతే వేడి అటు పోతుంది.

తర్వాతి మూడు వారాలూ దీని మీదే పడ్డాను. మైక్రో డ్రిప్ సెట్‌లో 60 చుక్కలు ఒక మిల్లీలీటరు. రెండు సెకన్లకో చుక్క పడేలా బిగించాను, అంటే నిమిషానికి అర మిల్లీలీటరు. స్పైనల్ సూదికి చివరనే రంధ్రం ఉంటుంది, నీరంతా ఒకే దిక్కుకు పోతుంది. క్లాక్ టవర్ దగ్గర కంసాలి అన్నతో సన్న ఆకురాయి పట్టించి పక్కలకు రెండు గాట్లు పెట్టించాను. అన్నిటికన్నా పనికొచ్చింది ఇంకోటి: ముందు ఒక మిల్లీలీటరు ఎక్కించి, నిమిషం ఆగి, అప్పుడు కరెంటు ఇవ్వడం.

నిన్న 8 నిమిషాలు ఆగకుండా నడిచింది. సూది పక్కన కొంచెం గోధుమ రంగు, దాని చుట్టూ ఉడికిన గుడ్డు తెలుపు, అంచున సన్నటి గులాబీ వలయం, ఆపైన మామూలు ఎరుపు. ఆకారం దాదాపు గుండ్రం. 5 శాతం ఉప్పునీళ్ళతో ఒకసారి ఇంకా వెడల్పు వచ్చింది కానీ వంకరగా వచ్చింది, పక్కన పెట్టేశాను.

అయితే చచ్చిన కార్జంలో రక్తం పారదు. బతికున్న లివర్‌లో రక్తం వేడిని లాక్కుపోతుంది, ఈ 21 అక్కడ తగ్గుతుంది. అందుకే వచ్చే వారం పెద్ద నరానికి ట్యూబు కట్టి 37 డిగ్రీల నీళ్ళు పారించాలి. కటిక దుకాణంలో అడిగాను. "ఈసారి నరం జర పొడుగు ఉంచి కోస్త సారూ, పొద్దుగాల ఆరింటికే రా" అన్నాడు.