మా అమ్మ ఉగాది, నా నమాజు

మొన్న మా స్కూల్లో కొత్తగా జాయినైన మేడం ఒకామె "మీరు ముస్లిమ్సా? తెలుగు భలే మాట్లాడతారే!" అనింది. నేను ఆ స్కూల్లో తెలుగు పండిట్‌ని, పన్నెండేళ్ళుగా పిల్లలకి తెలుగే చెప్తున్నా. ఆమె ప్రేమగానే అనింది, తప్పు పట్టను. కానీ ఇదే మాట అటువైపు నుంచి కూడా విన్నదాన్ని నేను, "ముస్లిం అయ్యుండి ఉర్దూ రాదా?" అని. ఈ రెండు ప్రశ్నల మధ్య ఎన్నేళ్ళు నలిగానో, ఎట్లా తేరుకున్నానో ఒకసారి మొత్తం రాసేయాలనిపించింది. నాలాంటోళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు, వాళ్ళకోసం కూడా.

మాది కడప దగ్గర పల్లె. దూదేకులోళ్ళం. సర్టిఫికెట్లో నూర్‌బాషా, బీసీ-బి అని ఉంటుంది. ఉర్దూని మా ఊళ్ళో తురకం అంటారు, ఆ తురకం మా ఇంట్లో ఒక్కరికీ రాదు. మా పేర్లు కూడా హుస్సేనమ్మ, దస్తగిరమ్మ, మౌలాలప్ప, ఫకీరప్ప, ఇట్లా సగం అటు సగం ఇటు ఉంటాయి. మా అబ్బ (మా వైపు తాతని అట్లనే పిలుస్తాం) దూది ఏకేవాడు. మనిషికన్నా పొడుగున్న విల్లు దూలానికి వేలాడేది, చెక్క గుండుతో దాని తీగ మీద కొడుతుంటే దూది పొగలాగా లేచేది, సాయంత్రానికి అబ్బ కనుబొమ్మలు మీసాలు అన్నీ తెల్లగా అయిపోయేవి. పొద్దున బిస్మిల్లా అనకుండా మాత్రం ఆ విల్లు ముట్టుకునేవాడు కాదు. మా ఇంట్లో దీన్ (మతం) అంటే అదీ. రోజాని ఒక్కపొద్దు అంటాం, సున్తీని ఒడుగులు అంటాం, ఫాతిహా ఇప్పించడాన్ని చదివింపులు అంటాం. మొహర్రంలో పీర్ల చావిడికి ఊరంతా చక్కెర తెచ్చేది, చదివింపులు మా అబ్బే చేసేవాడు. అంతకుమించి మాకెవరూ నేర్పలేదు, పెద్దోళ్ళకీ ఎవరూ నేర్పలేదు.

ఇంక ఉగాది. కడపోళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్తా. దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, తిరుమలకి తొలి గడప అంటారు. బీబీ నాంచారి మా ఆడబిడ్డ, ఆమెని చేసుకున్నాడు కాబట్టి స్వామి మాకు అల్లుడు అని ఇక్కడి ముస్లింల నమ్మకం. అందుకని ఉగాది పొద్దున్నే కొబ్బరికాయ, బెల్లం, చింతపండు తీసుకుని వేలమంది ముస్లింలు ఆ గుడికి పోతారు. మా అమ్మ పెళ్ళయినకాడ్నుంచి ఒక్క ఏడు కూడా తప్పలేదు. నన్ను చంకనేసుకుని పోయింది, తర్వాత చెయ్యి పట్టుకుని పోయింది. కూతురింటికి పోయి అల్లుడికి సారె ఇచ్చొచ్చినట్టే ఉంటుంది అమ్మకి.

2013లో నాకు ఉద్యోగం వచ్చింది, ఆ ఏడే పెళ్ళి. సంబంధం కడప టౌన్, పూర్తిగా ఉర్దూ మాట్లాడే ఇల్లు. పెళ్ళయిన మూడో రోజు పొద్దుగూకినాక మగ్రిబ్ అజాన్ అయితే ఆడోళ్ళంతా ముసల్లాలు (నమాజ్ చాపలు) పరిచి నిలబడినారు. నేనూ నిలబడినా. పక్కనోళ్ళు వంగితే వంగినా, నుదురు నేలకి ఆనించి సజ్దా చేస్తే చేసినా. నమాజ్ చివర సలాం తిప్పినాక మా అత్తగారు నా వైపే చూస్తున్నారు. నా పెదాలు కదలట్లేదని ఆమెకి అర్థమైపోయింది. వంటింట్లోకి పోయి మా ఆడబిడ్డతో "ఇస్‌కూ కుచ్ బీ నై ఆతా" (దీనికి ఏమీ రాదు) అన్నారు. ఉర్దూ రాకపోయినా ఆ ఒక్క ముక్క బాగానే అర్థమైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోపం ఆమె మీద కాదు, ఆమె అన్నది నిజం కదా, అదీ నా బాధ. ఇరవై నాలుగేళ్ళు ముస్లింగా బతికి, పదో తరగతి పిల్లలకి ఛందస్సు చెప్పే మనిషిని, అల్లా ముందు నిలబడి ఏం మాట్లాడాలో తెలీక మూగదాన్లాగా నిలబడినానే అని.

నేర్చుకోవాలనుకున్నా. మా ఆయన ఏమీ అనలేదు, ఆదివారం మధ్యాహ్నం ఆడోళ్ళకి దీన్ చెప్పే ఆపా (అక్క) ఒకామె ఉంటే అక్కడ దింపి వచ్చేవాడు. మొదట అల్‌ఫాతిహా, అంటే ఖుర్‌ఆన్ మొదటి సూరా (అధ్యాయం), ఏడు ఆయతులు (వాక్యాలు). నేను తెలుగులో రాసుకుని బట్టీ పడదాం అనుకున్నా, నోట్‌బుక్కు తీసినా, ఆపా చూసి "తెలుగు అక్షరాల్లో రాస్తే తప్పు పలుకుతావు" అనింది. నాకు రోషం వచ్చింది, యాభై ఆరు అక్షరాల భాష మాది, రాయలేనిది ఏముంటుంది అని. అప్పుడు ఆపా ఒక పదం పలికింది, నన్ను రాయమంది. నేను "కల్బ్" అని రాసినా. "నేను పలికింది హృదయం, నువ్వు రాసింది కుక్క" అనింది. అరబీలో రెండు క‌లు ఉన్నాయి, ఒకటి మన క లాంటిది, ఇంకోటి కొండనాలుక దగ్గర్నుంచి వస్తుంది. మన ఖ వేసినా సరిపోదు, మన ఖ గాలి ఒత్తుతో వచ్చేది, వాళ్ళ ఖాఫ్ (ఆ కొండనాలుక క) వేరే, ఖా అనే ఇంకో అక్షరం ఇంకా వేరే. ఐన్ అనే అక్షరమైతే గొంతు అడుగున ఎక్కడో పుడుతుంది, దానికి మన దగ్గర గుర్తే లేదు. ఆ రోజు ఇంటికొచ్చి తెలుగు అక్షరాల కింద నాకు నేనే గుర్తులు పెట్టుకున్నా. కొండనాలుక క‌కి కింద చుక్క, ఐన్‌కి పక్కన చిన్న కొక్కెం. ఆ గుర్తుల నోట్‌బుక్కుతోనే మొదటి ఆరు నెలలు నమాజ్ చదివినా. తర్వాత ఇరవై ఎనిమిది అక్షరాలూ పట్టుకుని అరబీ లిపి నేర్చుకున్నా, ఏడాది పట్టింది. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ బీరువాలో ఉంది. పగలంతా చాక్‌పీస్ పట్టుకుని, పొద్దుగూకినాక ఒకటో తరగతి పిల్లలాగా అలిఫ్ బే దిద్దడం, ఆ రోజులు నిజంగా సంతోషంగా గడిచినాయి.

తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

కొత్తగా నేర్చుకున్న మనిషికి ఒక ఊపు ఉంటుంది. షిర్క్ గురించి క్లాసుల్లో విన్నా, అల్లాకి ఎవర్నీ సాటి కల్పించకూడదు, అది అన్నిటికన్నా పెద్ద పాపం అని. అది నేను ఇప్పటికీ నమ్ముతా, అందులో మార్పు లేదు. కానీ అప్పుడు ఆ మాట పట్టుకుని నేను మొదట పోయింది మా అమ్మ దగ్గరికి. 2016 ఉగాదికి పుట్టింటికి పోయినా. అమ్మ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, సంచిలో కొబ్బరికాయ పెట్టుకుంటా ఉంది. మా పిన్నమ్మలు, చుట్టాలు, పక్కింటోళ్ళు అందరూ ఉన్నారు. అందరి ముందు "నువ్వు చేసేది షిర్క్ మా, నీ ఒక్కపొద్దులు కూడా చెల్లవు, ఇట్లా పోతే నరకమే" అనేసినా. అమ్మ కొబ్బరికాయ సంచిలోంచి తీసి గట్టు మీద పెట్టింది. "సరే మే, నీకు సదువు ఉండాది, నువ్వు చెప్పినావు, నేను ఇన్న్యా" అనింది, అంతే, ఇంకేం అనలేదు. ఆ ఏడు గుడికి పోలేదు. మా ఇంటికి కూడా రాలేదు, ఏడాది పాటు. ఫోన్ చేస్తే నాయన మాట్లాడి పెట్టేసేవాడు.

నేనేమో సత్యం కోసం కష్టం ఓర్చుకుంటున్నా అనుకున్నా. నమాజ్‌లో నిలబడితే మాత్రం గట్టు మీద ఆ కొబ్బరికాయే కళ్ళముందు ఆడేది.

అప్పటిదాకా నేను ఖుర్‌ఆన్ అరబీలో చదవడమే నేర్చుకున్నా, అర్థం ఆపా చెప్పినంతే. తెలుగు అనువాదం ఉందని తెలుసుగానీ తెలుగులో చదివితే తక్కువేమో అని ఒక న్యూనత. అదే సమయంలో ఏదో పాఠం కోసం వెతుకుతుంటే ఒక సంగతి కనపడింది, ఖుర్‌ఆన్‌ని తెలుగులోకి మొదట తెచ్చింది చిలుకూరి నారాయణరావు గారు, 1925లో. మా పక్కనే అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పిన పండితుడు. నాలాగా తెలుగు టీచర్, ముస్లిం కాదు, ఆయన అంత కష్టపడి తెలుగులోకి తెస్తే, ముస్లింని, తెలుగు పండిట్‌ని, నేను చదవడానికి సిగ్గుపడుతున్నానా అనిపించింది. మర్నాడే ఈ కాలం తెలుగు అనువాదం ఒకటి కొనుక్కొచ్చుకున్నా. ఫజర్ (తెల్లవారుజాము నమాజ్) తర్వాత రోజుకి రెండు పేజీలు.

లుఖ్మాన్ సూరా దగ్గర ఆగిపోయినా. 14వ ఆయతులో తల్లి గురించి ఉంటుంది, నీరసం మీద నీరసం ఓర్చుకుని కడుపున మోసింది, పాలు మాన్పించడానికి రెండేళ్ళు పట్టింది అని. దాని వెంటనే 15వది. నాకు సాటి కల్పించమని నీ తల్లిదండ్రులు నిన్ను బలవంతం చేసినా సరే, ఆ మాట వినకు, కానీ ఈ లోకంలో వాళ్ళతో మంచిగా మెలుగు అని దాని భావం. నేను ఆ పేజీ ఎన్నిసార్లు చదివినానో. బలవంతం చేసే తల్లిదండ్రులతోనే మంచిగా ఉండమంటే, మా అమ్మ నన్ను ఏ రోజు బలవంతం చేసింది? నేను నమాజ్ నేర్చుకుంటుంటే చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకున్న మనిషి. వినకు అన్న ముక్క పట్టుకున్నా, మంచిగా మెలుగు అన్న ముక్క నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అర్థం నా భాషలో నా కళ్ళతో చదివిన రోజు తెలిసింది.

ఆ ఆదివారమే ఊరికి పోయినా. అమ్మ చెరుగుతా ఉంది. కాళ్ళ దగ్గర కూర్చుని "తప్పు చేసినా మా" అన్నా. అమ్మ చేట పక్కన పెట్టి "నువ్వు నమాజు సదువుకో, నేను వద్దన్న్యానా? నన్ను నరకానికి పంపేది నువ్వెట్లా చెప్తావు మే, అది ఆయన పని కాదా?" అనింది. ఆయన అంటే అల్లా. ఆమె తౌహీద్ (దేవుడు ఒక్కడే అన్న నమ్మకం) ఆమెకుంది అని అప్పుడర్థమైంది నాకు. గుడికి పోవడం ఒప్పని నేను అనను, నేను పోను. ఆమె పోతే తీర్పు చెప్పేదాన్ని నేను కాదు.

అక్కడ్నుంచి మిగతావి ఒక్కొక్కటి సర్దుకున్నాయి, కొన్ని ఇంకా సర్దుకోలేదు. నమాజ్ లోపల అరబీ, అది అందరికీ ఒక్కటే, నాకు ఇష్టం కూడా. నమాజ్ అయ్యాక చేతులెత్తి అడిగే దుఆ తెలుగులో, మా ఊరి తెలుగులో. ముందు ఉర్దూలో అడిగేదాన్ని, నా నోట్లో అది అరువు తెచ్చుకున్నట్టుండేది, ఏడుపు వచ్చేది కాదు. తెలుగులో "యా అల్లా, మా నాయనకి మోకాళ్ళ నొప్పులు తగ్గించు సామీ" అంటే కళ్ళల్లో నీళ్ళు వాటంతటవే వస్తాయి. రూమ్ సూరా 22వ ఆయతులో మీ భాషలు, మీ రంగులు వేరువేరుగా ఉండటం ఆయన సూచనల్లో ఒకటి అని ఉంది. అది చదివినాక తెలుగు నాకు లోటు అనిపించలేదు మళ్ళీ.

స్కార్ఫ్ కట్టుకుని మొదటి రోజు స్కూల్‌కి పోతే స్టాఫ్‌రూమ్‌లో అందరూ మౌనం. ఆరో తరగతి పిల్లోడు ఒకడు మాత్రం "చెవి నొప్పా మేడం" అని అడిగి, కాదంటే సరే అని పద్యం అప్పజెప్పడం మొదలుపెట్టినాడు. పిల్లలకి బుర్రకథ పాఠం చెప్పేటప్పుడు షేక్ నాజర్ గారి గురించి తప్పకుండా చెప్తా, గుంటూరు జిల్లా పొన్నెకల్లు, మా దూదేకుల ఇంట్లో పుట్టిన మనిషి, తెలుగు కథని ఊరూరా వినిపించి 1986లో పద్మశ్రీ తీసుకున్నాడని. వెనక బెంచీలో మస్తాన్‌లు, కాశీంలు తలెత్తి చూస్తారు.

మా పాప స్కూల్ అప్లికేషన్లో మాతృభాష అనే గడి దగ్గర మా అత్తగారికీ నాకూ పెద్ద గొడవ. ఆమె ఉర్దూ అన్నారు, నేను తెలుగు అన్నా, మా ఆయన "మాతృభాష అంటే తల్లి భాషే కదా అమ్మీ" అని తెలుగు రాసేసినాడు. అత్తగారు వారం మాట్లాడలేదు. ఆమె బాధ కూడా నాకు తెలుసు, ఉర్దూ చదివే పిల్లలు తగ్గిపోతున్నారని ఆమె భయం. అందుకే పాపకి రోజూ సాయంత్రం ఉర్దూ ఆమే చెప్తారు, నేను అడ్డం రాను. మా దూదేకులోళ్ళని తక్కువగా చూసే మాట మాత్రం ఆ ఇంట్లో అప్పుడప్పుడు ఇప్పటికీ వినపడుతుంది, నేను ఇప్పుడు ఊరుకోను, అక్కడికక్కడే అడుగుతా.

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, సరిగ్గా ఇరవై తొమ్మిదో రోజా. ఉగాది అమావాస్య దాటిన పాడ్యమి, మా నెల కూడా నెలవంక చూసే మొదలయ్యేది, రెండూ చంద్రుడి లెక్కే. మనోళ్ళు అధికమాసం కలుపుకుంటారు, మా హిజ్రీ క్యాలెండర్లో అది లేదు, అందుకని రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తూ ఆ ఏడు ఉగాది పక్కకొచ్చి నిలబడింది. పొద్దున అమ్మని నేనే స్కూటీ మీద దేవుని కడప తీసుకుపోయినా. బయట చెట్టు నీడన అమ్మ చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చున్నా, స్కార్ఫ్‌తోనే. నాలాగే అమ్మల్ని దింపి బయట నిలబడినోళ్ళు ఇంకో నలుగురైదుగురు ఉన్నారు, ఒకరినొకరు చూసి సలాం చెప్పుకున్నాం. సాయంత్రం అమ్మ మా ఇంట్లోనే ఉంది. వేపపువ్వు ఏరి, మామిడికాయ తరిగి, పచ్చడి కలిపి ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) మీద ఖర్జూరాల పక్కన పెట్టింది. మా అత్తగారు ఆ గిన్నె చూసి ఏం అనలేదు. ఆరున్నర కావొస్తుండగా అజాన్ వినపడింది. ఖర్జూరంతో రోజా విడిచి, ఆరు రుచులూ నాలిక మీద పెట్టుకున్నా, పొద్దుటి నుంచి ఏమీ తగలని నాలిక, వేపపువ్వు చేదు ముందు తగిలింది. ఇంతలో పాప మేడ మీద నుంచి "జేజీ, దాదీ, చాంద్ దిఖా, రండి రండి" అని, నెలవంక కనపడిందని అరుచుకుంటా దిగింది. అమ్మా, అత్తగారూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లెక్కుతుంటే నేను గిన్నె మూత పెట్టి వెనకాలే పోయినా.