రంజాన్ అంటే హలీం ఒక్కటే కాదు

హైదరాబాద్‌లోని టోలీచౌకీకి ఇల్లు మారాకే ఈ సంగతి అర్థమైంది. పక్కింటి ఆంటీ తెల్లారకముందే లేచి సహరీ (ఉపవాసం మొదలయ్యే ముందు తినే భోజనం) వండేస్తారు, ఆ తర్వాత సూర్యాస్తమయం వేళ మగ్రిబ్ అజాన్ వినిపించేదాకా ఈ మార్చి ఎండల్లో మంచినీళ్లు కూడా ముట్టరు. ఓరోజు నన్ను ఉపవాసం విడిచే ఇఫ్తార్‌కి పిలిచారు. ఖర్జూరం పట్టుకున్న ఆమె వేళ్లు నీరసంతో కొంచెం వణుకుతున్నాయి, అయినా పళ్లెం ముందు నా వైపే జరిపారు.

చంద్రుడి లెక్క కాబట్టి ఈ నెల ఏటా 10, 11 రోజులు ముందే వచ్చేస్తుందట. నాకు బాగా నచ్చింది మాత్రం ఫిత్రా అనే దానం. ఈద్ నమాజుకి ముందే ఇంట్లో ఒక్కొక్కరి పేరునా, పసిపిల్లలతో సహా, పేదలకి ఇచ్చేయాలి, వాళ్లింట్లోనూ పండగ పొయ్యి వెలగాలి కదా! పండగ పాయసం షీర్ ఖుర్మా ఆ తర్వాతే.

నేనూ ఒక రోజా (ఉపవాసం) ఉంటానన్నాను. సహరీకి తలుపు కొడతానన్నారు ఆంటీ.