సంక్రాంతి దాటాక లంక దక్షిణ తీరం

శ్రీలంక వెళ్దామనుకునే నెల్లూరు, ఒంగోలు వాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. పిల్లలకు బడి సెలవులని మే నెలలో టిక్కెట్లు తీస్తారు. ఇక్కడి రోహిణి కార్తె ఎండ తప్పించుకుని అక్కడ సముద్రంలో మునగొచ్చని ఆశ. తీరా వెళ్ళేసరికి బీచి నిండా ఎర్రజెండాలు కనిపిస్తాయి. మే మధ్య నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఆ దీవి దక్షిణ తీరాన్ని ఎదురుగా కొడుతుంది. నీళ్ళు మట్టి రంగుకు తిరుగుతాయి, తిమింగలాలు చూపించే పడవలు చాలావరకు ఆగిపోతాయి. మన జిల్లాలకు గట్టి వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచే గనక నైరుతి లెక్క మనకు వెంటనే తట్టదు. అక్కడ సముద్రం నెమ్మదించి నీళ్ళు తేటపడేది డిసెంబరు నుంచి మార్చి దాకా. సంక్రాంతి దాటాక వెళ్తే మన పండగ పనులూ అయిపోయి ఉంటాయి. మేం నలుగురం ఫిబ్రవరిలో ఎనిమిది రోజులు తిరిగాం. ప్యాకేజీ లేదు, కారు లేదు. రైళ్ళు, బస్సులు, ఆటోలే.

నెల్లూరులో రైలెక్కితే చెన్నై సెంట్రల్‌కి మూడు గంటలు. అక్కడే మెట్రో నీలం లైను ఎక్కితే నేరుగా విమానాశ్రయంలో దిగొచ్చు. కొలంబోకి గాల్లో ఉండేది గంటన్నర లోపే. వీసా బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. దాన్ని లంక ప్రభుత్వ సైటులోనే తీసుకోండి. గూగుల్లో పైన కనిపించే ఏజెంట్ల సైట్లు అదనంగా గుంజుతాయి. రుసుము తరచూ మారుతోంది కాబట్టి బయల్దేరే ముందు మళ్ళీ చూసుకోవాలి. ప్లగ్గులు చాలాచోట్ల మూడు పలకల బ్రిటిష్ రకం, ఇంటి నుంచే అడాప్టరు తీసుకెళ్తే మంచిది. డబ్బు విమానాశ్రయం కౌంటర్లో కొంత మార్చుకుంటే చాలు. మన రూపాయికి వాళ్ళవి మూడున్నరకు అటూ ఇటూ వస్తాయి. భోజనం వెయ్యి రూపాయలని బోర్డు చూసి ఉలిక్కిపడకుండా ముందు మూడున్నరతో భాగించండి.

విమానం దిగే కటునాయక కొలంబోకి ఉత్తరాన ముప్ఫై కిలోమీటర్ల పైన ఉంటుంది. 187 నంబరు బస్సు కొలంబో ఫోర్టుకి వెళ్తుంది. రాత్రి పొద్దుపోయాక దిగితే కొలంబో దాకా పోనక్కర్లేదు, పక్కనే నెగొంబోలో పడుకుని పొద్దున్నే కదలొచ్చు.

ఫోర్టు స్టేషన్ నుంచి దక్షిణానికి వెళ్ళే లైను గాలే, మాతర మీదుగా బెలియత్త దాకా ఉంది. మాతర దాటిన ముక్క 2019లో తెరిచారు. గాలేకి రెండు, రెండున్నర గంటలు. బోర్డు మీద సింహళంలో గాల్ల, తమిళంలో కాలి అని ఉంటుంది, రెండూ ఒక ఊరే. రిజర్వేషన్ లేని రెండో తరగతి టిక్కెట్టు ఆ రోజే కౌంటర్లో ఇస్తారు. కుడివైపు కిటికీ పట్టుకోండి. వెల్లవత్త, మౌంట్ లవీనియా దగ్గర పట్టాలకూ అలకూ మధ్య నల్లరాళ్ళ కట్ట ఒక్కటే అడ్డం, ఉప్పు తుంపర మొహాన పడుతుంది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ ఈ బండి ఎక్కితే కిటికీ మాట అటుంచి కాలు పెట్టే చోటు కూడా దొరకదు. గాలేలో లైను ఆగిపోయినట్టు ఉంటుంది కాబట్టి మాతర వెళ్ళే బండి అక్కడ వచ్చిన దారినే వెనక్కి తిరిగి బయల్దేరుతుంది. అంటే అంతదాకా సముద్రం చూపించిన కిటికీ ఇప్పుడు కొబ్బరితోటల వైపుకు పోతుంది. ముందుకు వెళ్ళేవాళ్ళు గాలేలో అవతలి వైపుకు మారాలి. అటు తర్వాత సముద్రం అప్పుడప్పుడే కనిపిస్తుందనుకోండి.

హిక్కడువ రాకముందు తెల్వత్త దగ్గర పెరలియ అనే ఊరు తగులుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ అల ఇక్కడే నిలబడ్డ ప్రయాణికుల రైలును ముంచేసింది, 1,700 మందికి పైగా పోయారు. ఆ ఉదయమే మన పల్లెపాలేల మీదకూ వచ్చిన అల అది. బండి అక్కడ ఆగదు గానీ, తెలిసి దాటడం వేరు.

గాలే కోటను 1588లో పోర్చుగీసులు మొదలుపెట్టారు, 1640లో డచ్చివాళ్ళు తీసుకుని ఇప్పుడు కనిపించే గోడలు కట్టారు, 1796లో ఇంగ్లీషువాళ్ళకు పోయింది. లోపల హోటళ్ళు ఖరీదు. మేం బయట ఉండి సాయంత్రం నాలుగింటికి లోపలికి వెళ్ళాం. గడియార స్తంభం దగ్గర గోడ ఎక్కి చుట్టూ నడిస్తే తీరుబడిగా గంటన్నర పడుతుంది. మధ్యాహ్నం మాత్రం వద్దు, ఆ రాళ్ళు పెనంలా కాలుతుంటాయి. అదే గోడ మీంచి క్రికెట్ మైదానం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది, టెస్టు మ్యాచి రోజుల్లో జనం అక్కడే నిలబడి చూస్తారు. సునామీలో మైదానం, బస్టాండు మునిగినా కోట లోపలి ఊరిని చాలావరకు ఈ గోడలే కాపాడాయి.

ఇక మకాం సంగతి. రోజుకో ఊళ్ళో గది మార్చకండి. గాలే నుంచి మాతరకు 45 కిలోమీటర్లే. మధ్యలో వెలిగమలోనో మిరిస్సలోనో నాలుగు రాత్రులుండి అటూ ఇటూ బస్సులో తిరిగితే మూటలు మోసే బాధ తప్పుతుంది. వెలి అంటే ఇసుక, గమ అంటే ఊరు. అల్లూరు పక్కన మన ఇసకపల్లి ఎలాగో ఇదీ అంతే.

గాలే, మాతర మధ్య ఊరి బస్సులకు వేళలు చూసుకోనక్కర్లేదు, రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగుతాయి. ఎర్రవి ప్రభుత్వానివి, మిగతావి ప్రైవేటువి. ముందు సీట్లు బౌద్ధ భిక్షువులవి, ఖాళీగా ఉన్నాయని కూర్చుంటే లేవాల్సి వస్తుంది. పెద్ద సంచి డ్రైవరు పక్కన ఇంజను మీద పెట్టమంటారు. అది వేడెక్కుతుంది, అందులో చాక్లెట్లూ మందులూ ఉంచకండి. చిల్లర నోట్లు దగ్గరుండాలి. దిగడానికి ‘బహినవా’ అనాలి. ‘కీయద’ అంటే ఎంత, ‘ఎపా’ అంటే వద్దు. ధన్యవాదాలకు ‘ఇస్తూతి’ అంటారు, మన స్తుతే అది. చెన్నై రాకపోకలతో అబ్బిన తమిళం కొలంబోలోనూ ముస్లింల కొట్లలోనూ పనికొస్తుంది, పల్లెల్లో సింహళమే. ఆటోకు బేరం ఎక్కకముందే కుదుర్చుకోవాలి, లేదంటే పిక్‌మీ యాప్‌లో పిలవాలి. బీచి ఊళ్ళలో స్టాండువాళ్ళు యాప్ ఆటోను రానివ్వకపోతే నూరడుగులు నడిచి మెయిన్ రోడ్డు మీద ఎక్కండి. స్కూటరు అద్దెకిచ్చేవాళ్ళు ఏ కాగితమూ అడగరు, పోలీసు అడుగుతాడు. మన లైసెన్సు ఒక్కటే చూపిస్తే చెల్లదు.

ఈత సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మైపాడులోనో కొత్తపట్నంలోనో మోకాటిలోతులో నిలబడి అలవాటైన మనకు ఆ నీళ్ళ రంగు చూస్తే ధైర్యం ఎక్కువవుతుంది. అలలు ఒడ్డుకు తోసిన నీళ్ళు తిరిగి పోవడానికి ఇసుక దిబ్బల మధ్య సందు వెతుక్కుంటాయి. ఆ సందులో అల విరగదు, నురగ ఉండదు, నీళ్ళు కాస్త ముదురు రంగులో నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి. తెలియనివాళ్ళు నెమ్మదిగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. అదే లోపలికి లాగే చోటు. లాగితే ఒడ్డు వైపుకు ఎదురీదకండి, దమ్ము పోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ ఉన్న చోటికి చేరి అలతో పాటు రావాలి. ఈత రానివాళ్ళు, పిల్లలు దిగడానికి మాతర పక్కన పొల్హేన మేలు. ముందు పగడపు దిబ్బ అడ్డుకట్టలా ఉంటుంది, లోపల నడుములోతు నీళ్ళే. చెప్పులు వేసుకునే దిగండి, పగడం గీసుకున్న గాయం అంత తొందరగా మానదు. పలక మీద అలలెక్కడం నేర్చుకోవాలంటే వెలిగమ. అడుగున రాళ్ళు లేవు, పడ్డా ఇసుకలోనే పడతాం.

ఉనవటున పక్కన రుమస్సల కొండ ఉంది. హనుమంతుడు సంజీవని పర్వతం మోసుకొస్తుంటే ఓ ముక్క ఇక్కడ రాలిందని, ‘అక్కడ పడింది’ అనే మాటే ఊరి పేరయిందని చెప్తారు. సాయంత్రం ఎక్కితే గాలే కోట మొత్తం కనిపిస్తుంది.

కొగ్గల, అహంగమ దగ్గర నీళ్ళలో పాతిన కర్ర మీద కూర్చుని గాలం వేసేవాళ్ళ ఫొటోలు అందరూ చూసే ఉంటారు. నిటారు కర్రకు అడ్డంగా కట్టిన ముక్కను పెట్ట అంటారు, కూర్చునేది దాని మీద. ఒక చెయ్యి కర్రను చుట్టి ఉంటుంది, రెండో చేతిలో గాలం. ఎర ఉండదు. నీళ్ళు కదలకపోతే చిన్న చేపలు బెదరవనే ఇంత తిప్పలు. ఇప్పుడు పగటిపూట కనిపించేవాళ్ళు చాలావరకు ఫొటో కోసం కూర్చున్నవాళ్ళే, ఒడ్డున ఒకడు డబ్బు వసూలు చేస్తుంటాడు. తప్పు పట్టాల్సిన పని లేదు గానీ, కెమెరా తియ్యకముందే రేటు అడగండి.

మిరిస్స హార్బరు నుంచి పడవలు తెల్లవారుజామునే కదులుతాయి. దొండ్ర మొన దగ్గర ఖండపు అంచు చాలా సన్నం, కొద్ది దూరం పోతే చాలు సముద్రం ఒక్కసారిగా లోతు పడిపోతుంది. నీలి తిమింగలం ఒడ్డుకు అంత దగ్గరగా రావడానికి కారణం అదే. కనపడేది దూకే చేప కాదు. నిలువుగా లేచే నీటి ఆవిరి, నూనె రాసినట్టున్న పొడవాటి వీపు, అదృష్టముంటే చివర్న తోక. వాంతుల మాత్ర పడవెక్కే అరగంట ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుని లాభం లేదు. ఇడ్లీ లాంటిది కొంచెం తిని, పడవ వెనక భాగంలో కూర్చుని, దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతను చూస్తుండాలి. ఫోన్లో తల దూర్చినవాళ్ళే ముందు పడిపోయారు. మా పడవవాడు మిగతా నాలుగింటితో పోటీ పడి తిమింగలం మీదకే తోలాడు, అది వెంటనే మునిగిపోయింది. బేరం చేసేటప్పుడే దూరంగా ఆపుతారా అని అడగండి. తక్కువ ధర చెప్పినవాడు తరచూ ఇలాంటివాడే.

మాతరకు ఆరు కిలోమీటర్ల అవతల దొండ్ర, దీవికి దక్షిణపు కొస. 1890 నాటి దీపస్తంభం 49 మీటర్లు. ఊరి సింహళ పేరు దేవినువర, ఒకప్పుడు ఇక్కడ పెద్ద విష్ణు క్షేత్రం; 16వ శతాబ్దం చివర పోర్చుగీసులు పడగొట్టారు. చైనా నౌకాపతి చెంగ్ హో 15వ శతాబ్దంలో వేయించిన శిలాఫలకం గాలేలో 1911లో దొరికింది. దాని మీది తమిళ భాగం స్తుతించింది ఈ దేవుణ్ణే. ఫలకం ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది, తిరుగు ప్రయాణంలో చూడొచ్చు. గుళ్ళలో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగితే గొడవే.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ఉంబలకడ అని ఎండబెట్టిన సూర చేప పొడి కొబ్బరి సంబల్ అనే పచ్చడిలో సరే, కూరగాయల్లో కూడా వేస్తారు. ‘మాలు ఎపా’ అంటే చేప ముక్క వెయ్యరు గానీ ఈ పొడి వేసేస్తారు. ‘ఉంబలకడ ఎపా’ అని విడిగా చెప్పాలి. ‘పోయ’ అని పిలిచే పున్నమి సెలవు రోజున మందూ మాంసమూ అమ్మరు, రైళ్ళు కిటకిటలాడతాయి.

చేప తినేవాళ్ళు మాత్రం అంబుల్ తియల్ వదలకండి, దక్షిణాది సొంత వంట అది. గది ఇచ్చిన ఇంటావిడ పొయ్యి దగ్గర నిలబడి చూశాం. సూర చేపను అంగుళంన్నర ముక్కలు కోసి కడిగి నీళ్ళు బాగా ఓడ్చింది. గొరక అని నల్లగా ఎండిన పుల్లటి కాయ ముక్కలు నానబెట్టి ముద్దగా నూరి, దంచిన మిరియాలు, ఉప్పు కలిపి ముక్కలకు పట్టించింది. మట్టి దాక అడుగున అరిటాకు పరిచి ముక్కలు ఒక్క వరసే పేర్చి, కరివేపాకు, రంపె అనే సువాసన ఆకు వేసి, ముక్కలు మునిగీ మునగని నీళ్ళు పోసి సన్నసెగ మీద పెట్టింది. గరిటె పెట్టకూడదు, ముక్క చిదురుతుంది. నీళ్ళు పూర్తిగా ఇంకి ముక్క నల్లగా, పొడిగా అయ్యేదాకా ఉంచాలి. తడి మిగిలితే మర్నాటికే చెడుతుంది. సరిగా ఇంకితే ఫ్రిజ్ లేకపోయినా రెండు మూడు రోజులుంటుంది. ఎర్రబియ్యం అన్నంలోకి బాగుంది. మొలగొలుకులు తిన్న నోటికి ఆ అన్నం మొదట బిరుసుగా తోస్తుంది, మూడో రోజుకు అలవాటవుతుంది.

మాతర దాటితే జనం పలచబడతారు. టంగల్ల ఇసుక అందమే గానీ ఒడ్డు నిట్రంగా జారిపోతుంది, అల నేరుగా కాళ్ళ దగ్గరే విరుగుతుంది. చూడ్డానికే తప్ప ఈతకు కాదు. పక్కన రెకవలో రాత్రిపూట తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఏప్రిల్ నుంచి జూలై దాకా ఎక్కువ. ఫిబ్రవరిలో గంటలకొద్దీ కూర్చున్నా రాకపోవచ్చు. టార్చి, ఫ్లాష్ వెయ్యకూడదు, వెలుగు చూస్తే వెనక్కి మళ్ళిపోతుంది. హంబంతోట దాకా వెళ్తే ఉప్పు మళ్ళు, మన చినగంజాం గుర్తొస్తుంది. ఆ రోడ్డు పక్కనే మట్టి చట్టిలో గేదె పెరుగు, మీద పోసుకోవడానికి కితుల్ చెట్టు పాకం అమ్ముతారు. చట్టి వంచితే పెరుగు కదలకూడదు, అప్పుడే కొనండి.

తిరుగుబస్సు టంగల్ల నుంచైనా మాతర నుంచైనా ఎక్స్‌ప్రెస్‌వేది ఎక్కితే కొలంబో అంచున మకుంబురలో దింపుతుంది. అక్కడి నుంచి విమానాశ్రయానికి ఇంకా ఊరు దాటాలి. ఫ్లైటు ఉన్న రోజే టంగల్లలో లేచి పరిగెత్తే పని పెట్టుకోకుండా ముందురోజే కొలంబో చేరడం మేలు.

తెచ్చుకోవలసినవి రెండే. దాల్చినచెక్క, నిజమైన లంక చెక్క చుట్టలా పొర మీద పొర ఉండి వేళ్ళతో నలిపితే పెళుసుగా విరుగుతుంది, మన కిరాణాల్లో దొరికే మందపాటి ఒంటి పొరది వేరే చెట్టుది. రెండోది గొరక, కేరళ కుడంపులికి చుట్టమే. దాంతో నెల్లూరు చేపల పులుసు పెట్టి చూశాం. పులుపు సరిపోయింది గానీ చింతపండు ఇచ్చే చిక్కదనం రాలేదు, పులుసంతా నల్లబడింది. మిగిలిన గొరక మిరియాల వేపుడుకే వాడుతున్నాం.