చిన్నోడికి ఎంతిస్తామన్నారు?

టెన్నిస్ ఆడే మా చిన్నోడు ఇక్కడ అమెరికాలో కాలేజీ వెతుక్కుంటున్నాడు. ఏ కాలేజీ అని అడగలేదు. ఏం చదువుతాడట అనీ అడగలేదు. పొద్దున గుడి దగ్గర పులిహోర గిన్నె కారు డిక్కీలో సర్దుకుంటుంటే అన్నయ్యగారు వెనకనుంచి వచ్చి, "ఏమ్మా, చిన్నోడికి ఎంతిస్తామన్నారు?" అన్నారు. ఆయనెవరో నా రాతలు చదివే పాతవాళ్ళకి చెప్పక్కర్లేదు. సంక్రాంతికి మా ఇంటి హీటర్ మీద ఉపన్యాసం ఇచ్చినాయనే.

"ఇంకా ఏమీ తేలలేదండీ" అన్నాను. వదిలితేగా! కోర్టు తీర్పు వచ్చింది కదమ్మా, కాలేజీలు ఇప్పుడు ఆటగాళ్ళకి డబ్బులిస్తున్నాయి కదా, మొహమాటపడకుండా అడగండి, అవతల ఇంకో కాలేజీ ఇంత ఇస్తానంటోందని ఒక మాట వేయండి, వాళ్ళే పెంచుతారు... ఎండలో నిలబెట్టి ఇదంతా. ఆఖర్న ఎప్పుడూ వచ్చే మాటే వచ్చింది: "మన నెల్లూరు వాళ్ళబ్బాయిని చూడండి!"

ఆ అబ్బాయి, టెన్నిస్ ఆటగాడు నిశేష్ బసవరెడ్డి మీద నాకు కోపమేం లేదు, అభిమానమే. పక్కనే కార్మెల్‌లో పెరిగాడు, అమ్మానాన్నలది నెల్లూరు. 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో జొకోవిచ్ మీద తొలి సెట్ గెలిచినప్పుడు తెల్లవారుజామున ఈ ఇంట్లో అందరికంటే పెద్ద కేక నాదే. కానీ అప్పటినుంచీ ఇండియానాలో రాకెట్ పట్టిన ప్రతి తెలుగు పిల్లాడికీ అతనిలాగే స్టాన్‌ఫర్డ్ రాసిపెట్టి ఉందన్నట్టు మాట్లాడుతున్నారు. ఆ అబ్బాయి వేరు, మావాడు వేరు. మావాడికి బ్యాక్‌హ్యాండ్ కుదిరితే సర్వ్ కుదరదు, రెండూ కుదిరిన రోజు కెమిస్ట్రీ కుదరదు.

అసలు చిరాకు అన్నయ్యగారి మీద కూడా కాదనుకుంటా. గురువారం నాటి జూమ్ కాల్ మీద. ఫలానా కాలేజీ అని చెప్పను, మధ్యరకం అనుకోండి. కోచ్ మర్యాదస్తుడే. నవ్వుతూ పలకరించాడు, మా ఇంటిపేరు తప్పుల్లేకుండా పలకడానికి కష్టపడ్డాడు, అంతా బాగానే ఉంది. తర్వాత స్క్రీన్ షేర్ చేశాడు. మొదటి స్లైడే డబ్బు. స్కాలర్‌షిప్‌లో వాటా ఇంత, దాని పైన "కాస్ట్ ఆఫ్ అటెండెన్స్" కింద పైఖర్చులకి ఇంత, చదువులో నిలబడితే ఏడాదికి 5,980 డాలర్ల అవార్డు, ఆకుపచ్చ రంగులో లావుపాటి అంకెలు. ఇంజనీరింగ్ ఎలా ఉంటుందో, టోర్నమెంట్ల కోసం క్లాసులు పోతే ఎవరు చూసుకుంటారో ఎక్కడో చివర్లో, అదీ నేను అడిగితే. చిన్నోడి కళ్ళు మాత్రం ఆ ఆకుపచ్చ దగ్గరే ఆగిపోయాయి. కాల్ అయ్యాక వాడి మొదటి మాట, "అమ్మా, అదంతా నా అకౌంట్లోకే వస్తుందా?"

అవార్డు లెక్క నాకు తెలిసిందే. 2021లో ఆటగాళ్ళు వేసిన ఆల్‌స్టన్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్క మాట మీద, కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చి నిలబెట్టిన అవార్డు అది. ఆ పైఖర్చుల చెక్కు కథ మాత్రం ఈయన పడుకున్నాక కూర్చుని చదివాను. చదివినకొద్దీ ఒళ్ళు మండింది.

పూర్వం ఫుల్ స్కాలర్‌షిప్ అంటే ట్యూషన్, ఫీజులు, గది, తిండి, పుస్తకాలు, అంతే. సెలవులకి ఇంటికెళ్ళే టికెట్టూ, ఫోన్ బిల్లూ పిల్లాడి జేబులోంచే. 2015 జనవరిలో ఐదు పెద్ద కాన్ఫరెన్సుల (అంటే కాలేజీ లీగుల) వాళ్ళు కూర్చుని ఆ తేడా కూడా ఇవ్వొచ్చని ఓటేశారు. 79 అనుకూలం, 1 వ్యతిరేకం. న్యాయంగానే ఉందనిపిస్తుంది కదా. చిక్కేమిటంటే, ఆ తేడా ఎంతో లెక్కగట్టేది ఏ కాలేజీకి ఆ కాలేజీలోని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసే. అందుకని అన్ని చోట్లా ఒకే అంకె రాలేదు. టెనెసీ, ఆబర్న్‌లలో ఏడాదికి ఐదున్నర వేల డాలర్లు దాటింది. బోస్టన్ కాలేజీ అంకె అందులో సగం కూడా లేదు. అద్దెలు మండిపోయే బోస్టన్ కంటే టెనెసీలో పిల్లాడికి పైఖర్చు ఎక్కువట! అప్పట్లో అలబామా యూనివర్సిటీకి ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్న నిక్ సేబన్ కూడా ఈ తేడాల మీద గొణిగాడు. మరి గొణగడా? పదిహేడేళ్ళ పిల్లాడి ఇంటికెళ్ళి కూర్చున్నప్పుడు పక్క కాలేజీవాడు తనకంటే రెండు వేలు ఎక్కువ చూపిస్తుంటే ఏ కోచ్‌కైనా కడుపు రగులుతుంది.

ఇంతవరకూ ఒకే కోపం మీద టైప్ చేసుకుంటూ వచ్చాను. కోచ్ ఇంటికెళ్ళి కూర్చోవడం అని రాయగానే పీడీ సారు గుర్తొచ్చారు.

మా డిగ్రీ కాలేజీ పీడీ సారు. నా రూమ్మేట్ కబడ్డీ ఆడేది. వాళ్ళది తెనాలి అవతల పల్లె. సారు బజాజ్ స్కూటరేసుకుని వాళ్ళూరెళ్ళి, అరుగు మీద కూర్చుని, వాళ్ళ నాన్నతో మాట్లాడి తీసుకొచ్చారు. హాస్టల్ ఫీజు లేదు, మెస్ బిల్లు లేదు, రోజూ రాత్రి ఒక గుడ్డు, గ్లాసు పాలు. అదే ప్యాకేజీ. ఆ గుడ్డు మెస్‌లో పెద్ద రాజకీయం. అందరికీ పప్పూ, నీళ్ళ మజ్జిగా అయితే దానికి మాత్రం చిన్న స్టీలు గిన్నెలో ఉడకబెట్టిన గుడ్డు విడిగా వచ్చేది. వడ్డించే ఆవిడ ఆ గిన్నె మీద మూత పెట్టి తెచ్చేది, చూడని వాళ్ళు లేరు. దానికి పచ్చసొన పడదు. తెల్లది ఉప్పుతో తిని పచ్చసొన నా కంచంలో వేసేది. కాబట్టి ఆ ప్యాకేజీలో నాకూ భాగం ఉందన్నమాట.

సెకండియర్ మొదట్లో అది మంచం కింద ట్రంకుపెట్టె బయటికి లాగింది. ఇంకో కాలేజీ వాళ్ళు గుడ్డూ పాలతో పాటు నెలకి మూడొందలు చేతికిస్తామన్నారట. వెళ్ళిపోయింది. పీడీ సారు గ్రౌండ్‌లో అందర్నీ నిలబెట్టి, కాలేజీ అన్నం తిని కాలేజీకి ద్రోహం చేసిందన్నారు. మేమూ తలలూపాం. పచ్చసొన తిన్న నేను అందరికంటే గట్టిగా ఊపాను. ఆ ఏడాది ఇంటర్ కాలేజియేట్‌లో అది మా మీదికే రైడ్‌కొచ్చింది. మా కార్నర్ పిల్లని తాకి, గీత దాటి వెనక్కి పోతూ నావైపు చూసి నవ్వింది. నేను మొహం తిప్పుకున్నాను. తర్వాత బస్టాండులో కనిపిస్తే తనే చెప్పింది, మూడొందల్లో రెండొందలు ఇంటికి మనియార్డర్ చేస్తున్నానని. తమ్ముడి ఫీజు. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చిందని ఆ తర్వాతెప్పుడో విన్నాను.

ఇప్పుడనిపిస్తోంది, పీడీ సారు మాత్రం జీతం లేకుండా పనిచేశారా? దాని రైడ్లతో వచ్చిన షీల్డులు ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాలో ఉన్నాయి. దానికేమో గుడ్డు చాలాలి.

ఇక్కడా అంతే కదా. 2014 ఏప్రిల్‌లో కనెక్టికట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఛాంపియన్ అయినప్పుడు వాళ్ళ ఆటగాడు షబాజ్ నేపియర్ విలేకరులతో, ఆకలితో పడుకున్న రాత్రులున్నాయని చెప్పాడు. కోట్ల డాలర్ల టీవీ కాంట్రాక్టులు నడిపించే ఆటలో హీరోకి రాత్రి పూట తిండి లేదు! అదే నెలలో ఎన్‌సీఏఏ తిండి మీద పరిమితి ఎత్తేసింది. ఇండియనాపొలిస్‌లో వాళ్ళ ఆఫీసు పక్కనుంచి కార్లో వెళ్ళినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఇంట్లో అవసరం ఉన్న పిల్లాడికి కోచ్ మొదటి స్లైడులో డబ్బు గురించే చెప్పాలి. లైబ్రరీ ఫొటో చూపిస్తే వాడేం చేసుకుంటాడు? సరే, ఆ కోచ్‌ని క్షమించేశాను.

క్షమించి లేవబోతూ, ఆ 79-1లో ఒక్కరు ఎవరా అని చూశాను. బోస్టన్ కాలేజీ. కిందటి దశాబ్దంలో వాళ్ళు చెప్పిన కారణాలు చదివితే ఇప్పుడు జరుగుతున్నది చూసి రాసినట్టున్నాయి. ఖర్చులు ఇలా పెంచుకుంటూ పోతే ఆఖరికి టీములే ఎత్తేస్తారు, నష్టపోయేది ఆటగాళ్ళే అన్నారు. ఆ ఎయిడ్ లెక్కలు ఎటు కావాలంటే అటు వంగేలా ఉన్నాయి, రిక్రూటింగ్ కోసం వంచుతారు అని కూడా అన్నారు.

అన్నయ్యగారు చెప్పిన కోర్టు తీర్పు 2025 జూన్ 6 నాటిది. హౌస్ అనే ఆటగాడి పేరుతో ఎన్‌సీఏఏ మీద నడిచిన కేసులో రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఒప్పుకున్నారు. దాంతో ఒక్కో కాలేజీ మొదటి ఏడాది రెండు కోట్ల ఐదు లక్షల డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్ళకి పంచొచ్చు. ఇంతవరకే అన్నయ్యగారికి తెలుసు. అందులో సింహభాగం చాలాచోట్ల ఫుట్‌బాల్‌కి, తర్వాత మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి పోతుంది. టెన్నిస్‌కి మిగిలేది చిల్లర. మగపిల్లల టెన్నిస్‌కి ఇదివరకు టీము మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే, ముక్కలు చేసి పంచేవాళ్ళు. ఈ రాజీలో చేరిన కాలేజీల్లో ఇప్పుడా పరిమితి లేదు, కావాలంటే అందరికీ పూర్తిగా ఇవ్వొచ్చు. కానీ కొత్తగా పెంచిన స్కాలర్‌షిప్పుల్లో పాతిక లక్షల డాలర్ల దాకా ఆ రెండు కోట్ల సంచిలోంచే తగ్గించాలి. అంటే టెన్నిస్ పిల్లాడికి పెంచితే ఫుట్‌బాల్ కోచ్ వాటా తగ్గుతుంది. కాలేజీలో ఆటలన్నీ చూసుకునే ఏ అథ్లెటిక్ డైరెక్టర్ అంత ధైర్యం చేస్తాడు?

దానికి తోడు టీములో మనుషుల సంఖ్యకి కొత్త పరిమితి. ఫుట్‌బాల్‌కి 105, టెన్నిస్‌కి 10. స్కాలర్‌షిప్ లేకపోయినా పర్లేదు, ఆడనిస్తే చాలని చేరే పిల్లలకి ఇదివరకు మూలన కాస్త చోటుండేది. ఆ చోటే పోయింది. ఉన్న పది చోట్లకీ విదేశాల నుంచి వచ్చే ఆటగాళ్ళు, వేరే కాలేజీల నుంచి ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో వచ్చే ఇరవై ఏళ్ళవాళ్ళు. అప్పటికే గడ్డాలొచ్చి సర్వ్ కుదిరినవాళ్ళు ఉండగా మా జూనియర్‌ని ఎవరు తీసుకుంటారు? కోచ్‌దీ తప్పనలేను, గెలవకపోతే అతని ఉద్యోగం పోతుంది.

కాబట్టి అన్నయ్యగారూ, ఎంతిస్తామన్నారు అనేది మా ఇంట్లో చివరి ప్రశ్న. చోటుందా అనేది మొదటిది.

ఇదంతా సాయంత్రం ఈయనతో అంటే, "ఐవీ వాళ్ళు ఈ గొడవలోకి రాలేదుగా, అక్కడ ట్రై చేద్దాం" అన్నారు. నిజమే, హార్వర్డ్, యేల్ లాంటివి ఉన్న ఐవీ లీగ్ ఆ రాజీలో చేరలేదు. అక్కడ ఆట కోసమని స్కాలర్‌షిప్ ఎప్పుడూ ఇవ్వరు, ఇంటి ఆదాయం చూసి ఇస్తారు. మన ఆదాయం చూస్తే ఏమీ ఇవ్వరు, అది ఈయన మర్చిపోయారు. డివిజన్ త్రీ, అంటే ఎన్‌సీఏఏలో మూడో అంచె కాలేజీల మాట నేనెత్తాను. అక్కడా ఆట డబ్బు లేదు, కానీ మావాడు నిజంగా కోర్టులో ఆడతాడు, బెంచీ మీద కాదు. చిన్నోడు ముఖం మాడ్చుకుని మేడెక్కాడు.

కోచ్‌కి రేపు జవాబు రాయాలి. మూడు సంగతులు అడుగుతాను. మీ పదిమందిలో వచ్చే ఏడాది ఎంతమంది వెళ్ళిపోతున్నారు? ఆకుపచ్చ అంకెలన్నీ అగ్రిమెంటులో రాసిస్తారా, ఒక్క ఏడాదికా నాలుగేళ్ళకా? భుజం నొప్పొచ్చి ఒక సీజన్ ఆడలేకపోతే ఆ చెక్కు ఆగిపోతుందా? రెండోది అడిగితే ఇక ఫోన్ చేయడని ఈయన భయం. చేయకపోతే చేయకపోనీ, ఇప్పుడే తెలిసింది అనుకుంటాను.

వాడి ఫైనల్స్ అయ్యేదాకా ఈ ఇంట్లో ఏ కోచ్ పేరూ ఎత్తకూడదని అత్తయ్య ఆర్డరు.