మర్రిగూడలో జొన్నరొట్టె, పచ్చిపులుసు

సాగర్ రోడ్డు మీద మాల్ దాకా వెళ్లి మర్రిగూడ వైపు మళ్లితే బత్తాయి తోటలు, పత్తి చేలు, మధ్యలో తాటిచెట్లు. మేనత్త ఇంటికి బయల్దేరాను. పనేమీ లేదు, ఆమె చేతి జొన్నరొట్టె తినాలని. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన దగ్గర్నుంచి మా ఆఫీసులో జొన్న ఒక మందైపోయింది. షుగరుకు మంచిదని ఒకరు, బరువు తగ్గుతుందని ఇంకొకరు.

అత్త రొట్టె చేస్తూ నవ్వింది. "బియ్యం లేని రోజుల్ల తిన్నం బిడ్డా ఇది. ఇప్పుడు మీరు పైసలు పెట్టి కొంటున్నరా?"

వేడి రొట్టె, పచ్చిమిర్చి తొక్కు, ఉల్లిగడ్డ, పచ్చిపులుసు. తిన్నంతసేపూ నోట మాట లేదు.

తర్వాత మామతో అరుగు మీద కూర్చున్నాను. మామకు మెడ తిరగదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాలి. నడుమూ వంగిపోయింది. ఆయన ఈడు వాళ్లు చాలామంది పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లను, ఎముకలను పాడుచేసే జబ్బు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇక్కడి రాళ్లలోంచి ఊరే నీళ్లలో కొన్నిచోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉండేది. మామ తరం ఆ నీళ్లే తాగింది, ఆ నీళ్లతోనే వండుకుంది.

జొన్న కథ ఇక్కడే అడ్డం తిరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1970ల్లో ఈ నల్లగొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల్ని చూశారు. అన్నం తినేవాళ్ల ఒంట్లో కన్నా జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచిపోతోందని 1977లో వాళ్ల పరిశోధన తేల్చింది. జొన్నను తప్పు పట్టను, తప్పు నీళ్లది. కానీ ఏ నీళ్లతో తింటున్నారో అడక్కుండా "ఇది ఆరోగ్యం" అని ముద్ర వేసే డైట్ చార్టుల మీద మాత్రం నాకు నమ్మకం పోయింది.

చింతపండుది ఇంకో కథ. అదే సంస్థ పిల్లలకు రోజూ చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో రాసింది. అత్తకు చెప్పాను. "పులుసు లేకుంటే రొట్టె ఎట్ల దిగుతది?" అంది. ఆమెకు అంతే. ఆ పులుసు ఒక్కటే చాలేదైతే మామ మెడ ఎప్పుడో తిరిగేది, జన్మంతా తిన్నాడు కదా!

ఈ బాధ ఒక్క నల్లగొండదే కాదని మామకు చెప్పాను. ఇథియోపియా, టాంజానియాల్లో అగ్నిపర్వతాలున్న రిఫ్ట్ లోయలోనూ నీళ్లలోనే ఉంది. చైనాలోని గ్వీజౌలో నీళ్లు బాగానే ఉన్నా, పొగగొట్టం లేని పొయ్యిల్లో బొగ్గు మండించి, ఆ పొగ మీద మొక్కజొన్నలు, మిరపకాయలు ఆరబెట్టుకునేవారు. ఫ్లోరైడ్ అలా కూటిలో చేరింది. టిబెట్‌లో ముదురు ఆకుల్ని ఇటుకల్లా అచ్చుపోసిన టీని వెన్న, ఉప్పు వేసి రోజంతా తాగుతారు. అక్కడ ఆ ఆకుతోనే వస్తుంది.

పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. దాని పేరు 'నల్లగొండ టెక్నిక్'. ఇథియోపియాలో, టాంజానియాలో కూడా దాన్ని ఆ పేరుతోనే వాడి చూశారు.

"మన రోగం పేరు మీద ఆఫ్రికాల నీళ్లు కడుగుతున్నరా అల్లుడా!" అని మామ పెద్దగా నవ్వాడు.

మిషన్ భగీరథతో ఇప్పుడు కృష్ణ నీళ్లు నల్లాలోకే వస్తున్నాయి. బడికి పోయే పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. వంగిపోయిన ఎముక మాత్రం నీళ్లు మారినా తిరిగి నిలబడదు. మామకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

అత్త చాయ్ తెచ్చింది. టిబెట్ మాట ఆమె చెవిన పడినట్టుంది. "చాయ్‌ల గూడ ఉంటదా అది?" మనం వాడేది లేత ఆకు, తాగేది చిన్న కప్పు, అంత భయం లేదని చెప్పాను. తల ఊపింది గానీ, మామ రెండో కప్పు అడిగితే పోయలేదు.